డిస్టెంపర్ గోడ, అరవై బొమ్మలు, మేకు కొట్టకూడదన్న ఓనరు

ఇల్లు నెల్లూరు వేదాయపాలెంలో. అద్దె ఇల్లు, రెండో అంతస్తు, దాని పైన ఇక మిద్దే. పిల్లల గది పది అడుగులు బై పదకొండు. పడమటి వైపు ఒక కిటికీ, దక్షిణం గోడకి ఏడడుగుల ఎత్తులో సిమెంటు అటక. ఆ గదిలో ఇద్దరు పిల్లలు: మూడో తరగతి చదివే పాప, రెండున్నరేళ్ల తమ్ముడు. పాప గీసిన బొమ్మలు అప్పటికే అరవై దాటాయి. కొన్ని పరుపు కింద, కొన్ని ఫ్రిజ్ మీద, కొన్ని పాత టీచర్స్ డే చార్టుల మధ్య ఉన్నాయి.

పాప వాళ్లమ్మ నన్ను పిలిచింది బల్ల చేయించడానికి. బొమ్మల మాట మధ్యలో వచ్చింది.

"ఫ్రేములొద్దన్నా. ఫ్రేము కట్టిస్తే అది అట్టే ఉండిపోద్ది. ఇదేమో దినానికొకటి గీస్తది. అంటించాలి, తీయాలి, మళ్లీ అంటించాలి. గోడ మాత్రం పోకూడదు. కింద పెద్దాయన చూశాడంటే అడ్వాన్సులో కోస్తాడు."

పెద్దాయనంటే ఇంటి ఓనరు. ఇల్లు ఇచ్చే రోజునే "మేకులు కొట్టేది లేదు" అని చెప్పి ఇచ్చారు. ఆయన్ని తప్పుపట్టలేం. పాత ప్లాస్టరింగ్ మీద మేకు కొడితే పడేది మేకంత బొక్క కాదు, చుట్టూ రూపాయి బిళ్లంత పెచ్చు లేస్తుంది. డ్రిల్లు వేసి గిట్టీ (స్క్రూ పట్టే ప్లాస్టిక్ తొడుగు) దించితే శుభ్రంగానే ఉంటుంది కానీ, ఖాళీ చేసేటప్పుడు ఆ బొక్కలన్నీ పూడ్చి రంగు కలపాలి. పైగా కాగితం బొమ్మ కోసం గోడ తొలవడం నాకూ నచ్చదు.

మా చిన్నప్పుడు ఈ గొడవే లేదు. గీసేది మార్కాపురం పలక మీద. బాగుంటే ఇంట్లో అందరికీ చూపించి, తర్వాత తడిగుడ్డతో తుడిచేసేవాళ్లం.

ముందు గోడ పట్టించుకోవాలి

నేను మొదట పెయింటర్ల దగ్గర లప్పం (గోడ పుట్టీ) పట్టినవాణ్ణి, వడ్రంగం తర్వాత వచ్చింది. అందుకే గదిలోకి వెళ్లగానే అరచేత్తో గోడని గట్టిగా రుద్దాను. చెయ్యి తెల్లగా అయింది, సుద్దముక్క పట్టుకున్నట్టు. అంటే డిస్టెంపర్, అదీ పాతబడింది. పెద్దాయన్ని అడిగితే చరిత్రంతా చెప్పారు: కట్టినప్పుడు సున్నం, దాని మీద రెండుసార్లు డిస్టెంపర్, వీళ్లు దిగే ముందు ఇంకో చేయి. సున్నం గీకించారా అని అడిగాను. "గీకడమెందుకు, రంగు పడతానే ఉందిగా" అన్నారు.

ఈ జవాబులోనే కేసు సగం ఉంది. బొమ్మని గోడకి అంటిస్తున్నామని మనం అనుకుంటాం. నిజంగా అంటించేది గోడ మీది ఆఖరి పొరకి. ఇటుక మీద ప్లాస్టరింగ్, దాని మీద సున్నం, దాని మీద మూడు పొరల డిస్టెంపర్. వీటిలో ఏది దేన్ని తక్కువగా పట్టుకుని ఉందో, టేపు లాగినప్పుడు అక్కడే తెగుతుంది. డిస్టెంపర్‌లో ఎక్కువ భాగం సుద్దపొడే, దాన్ని కలిపి ఉంచే జిగురు కొంచెమే. కింద గీకని సున్నం ఉంటే ఆ పట్టు ఇంకా తక్కువ. అలాంటి చోట టేపు ఎంత మంచిదైతే గోడకి అంత చేటు. నాసిరకం టేపయితే టేపే ఊడుతుంది, గట్టి టేపు రంగుని కూడా వెంట తెస్తుంది.

ఇంకో పరీక్ష చేశాను, ఇది ఎవరైనా చేసుకోవచ్చు. మంచం వెనక, ఎవరికీ కనబడని చోట, రెండంగుళాల మాస్కింగ్ టేపు అంటించి మర్నాటి దాకా ఉంచి మెల్లగా లాగాలి. టేపు వెనక ఏమీ లేకపోతే గోడ బాగున్నట్టు. తెల్లపొడి ఉంటే పైపొర సుద్ద తేలుతున్నట్టు. రేకులా ఒక ముక్క వచ్చిందంటే ఆ గోడకి దేన్నీ అంటించకపోవడమే మంచిది. ఇక్కడ పొడి వచ్చింది, ఒక మూల గోరంత రేకు కూడా వచ్చింది. నాణెంతో అక్కడక్కడా కొట్టి చూస్తే అటక కింద గట్టిగా పలికింది, కిటికీ పక్కన డొల్లగా పలికింది. కిటికీ పక్క గోడ వాన దెబ్బ తిన్నదని అర్థమైంది.

నేను రాకముందే పాప వాళ్లమ్మ మూడు ప్రయత్నాలు చేసింది. సెల్లోటేపుతో అంటిస్తే టేపు పసుపు పచ్చగా మారి బొమ్మల అంచుల్ని మరకలు చేసింది. మైదా ఉడకబెట్టి పట్టిస్తే మూడో రోజుకే బొద్దింకలు వచ్చి కాగితం అంచులు కొరికాయి. చివరికి దళసరి డబుల్ టేపు వాడితే ఒక నెమలి బొమ్మ తీసేటప్పుడు అరచెయ్యంత రంగు వచ్చేసింది. ఆ మచ్చకి అడ్డంగా క్యాలెండర్ పెట్టి ఉంచారు. క్యాలెండర్ దేనికి తగిలించారా అని చూస్తే దానికీ డబుల్ టేపే. నవ్వు ఆపుకున్నాను.

నేను చేసిన తప్పు

ఇంత పరీక్షించి, ఇంత తెలిసీ, నేనూ అంటించే దారే పట్టాను. లాగితే సాగి ఊడొచ్చే స్ట్రిప్స్ ఉంటాయి కదా, గోడకి మచ్చ పడదని చెప్పేవి. అటక కింద గోడ గట్టిగా పలికింది కాబట్టి అక్కడ ఆగుతాయనుకున్నాను. ఏప్రిల్ ఆఖర్లో పన్నెండు స్ట్రిప్స్‌తో ఆరు బొమ్మలు పెట్టాను. పాప ఎగిరి గంతేసింది.

మే మూడో వారంలో ఫోన్. "అన్నా, రాత్రి టపటపమని పడిపోయినాయి. పిల్లోడు జడుసుకున్నాడు."

వెళ్లి చూస్తే ఎనిమిది స్ట్రిప్స్ వాటంతట అవే ఊడి ఉన్నాయి, వాటి వెనక సుద్దపొడి. నేను చేత్తో తీసిన నాలుగూ నాలుగు రేకులు పట్టుకొచ్చాయి. ఆ ప్యాకెట్ మీద 10 నుంచి 40 డిగ్రీల మధ్య వాడమని రాసి ఉంటుంది. నెల్లూరులో మే నెలంటే బయట 40 దాటడం మామూలే. మిద్దె కింద గది, సాయంత్రం దాకా స్లాబు తాగిన వేడి రాత్రంతా లోపలికే దిగుతుంది. దానికి తోడు సుద్ద గోడ. ఊడక ఏం చేస్తాయి?

ఆ మచ్చలు సరిచేయడానికి పట్టిన పని చూస్తే ఎవరూ ఇంకోసారి టేపు జోలికి పోరు. చుట్టూ లేచిన రంగు ఇనుప పట్టీతో గీకాలి, లప్పం పెట్టాలి, ఆరాక ఎమరీ పేపరుతో సాపు చేయాలి, ప్రైమర్ ముట్టించి డిస్టెంపర్ వేయాలి. అదే కంపెనీ, అదే నంబరు రంగు తెచ్చినా అతుకు కనబడింది, ఎందుకంటే పాత రంగు మూడేళ్లకి వెలిసింది. చివరికి ఆ గోడంతా ఈ మూల నుంచి ఆ మూల దాకా ఒక చేయి వేయాల్సి వచ్చింది. ఒక్క మూల నుంచి ఇంకో మూలకి వేస్తేనే అతుకు తెలీదు. ఆ ఖర్చు నేనే పెట్టుకున్నాను. పెద్దాయన మెట్లెక్కి వచ్చి చూసి "రంగేస్తన్నారా, మంచిది" అని దిగి వెళ్లారు. ఆ పూట మాకు పోయిన టెన్షన్ ఇంతా అంతా కాదు.

మీది మంచి ఎమల్షన్ (ప్లాస్టిక్ పెయింటు) గోడయితే ఈ స్ట్రిప్స్ పనిచేస్తాయి, నేనే వేరే ఇళ్లలో పెట్టాను. రంగు వేసి కనీసం వారం దాటాలి. గోడని తడిగుడ్డతో కాకుండా స్పిరిట్‌తో తుడవాలి. అంటించాక అర నిమిషం గట్టిగా నొక్కిపట్టాలి, గంట తర్వాతే బరువు పెట్టాలి. తీసేటప్పుడు మన వైపుకి కాదు, గోడ వెంబడే కిందికి, నెమ్మదిగా సాగదీయాలి. పాత టేపు మొండికేస్తే హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వెచ్చబెడితే జిగురు మెత్తబడుతుంది. పిండిలా నలిపి అంటించే జిగురుముద్దల్ని మాత్రం మన ఎండల్లో వద్దంటాను. వాటిలోని నూనె కాగితానికీ గోడకీ దిగి మరక పడుతుంది.

బరువు కాదు, గాలి

మచ్చలు పూడుస్తూ కూర్చున్న ఆ రెండు రోజుల్లో నాకు ఇంకో సంగతి పట్టింది. మామూలు ఏ4 కాగితం, 80 జీఎస్ఎంది (చదరపు మీటరుకి 80 గ్రాములు), ఐదు గ్రాములు. పాప వాడే దళసరి డ్రాయింగ్ షీటు పది గ్రాములు ఉంటుందేమో. పద్దెనిమిది బొమ్మలు తగిలించినా రెండొందల గ్రాములు దాటవు, పావుకిలో వంకాయలకంటే తక్కువ. ఇంత తేలికైన వాటిని గోడ ఎందుకు మోయలేదు?

మోయలేక కాదు. జిగురుని కిందికి లాగితే గట్టిగానే పట్టుకుంటుంది. ఒక అంచు నుంచి పైకి ఒలిస్తే మాత్రం అరటిపండు తొక్కలా వచ్చేస్తుంది. కాగితం గాలిలో చెమ్మ పీల్చి చుట్టుకుంటుంది, ఆరి బిగుస్తుంది, రోజూ మూలని కొంచెం కొంచెం పైకి లేపుతుంది. దాని మీద ఐదు నంబరులో తిరిగే ఫ్యాను. ఆ ఫ్యాను రాత్రంతా మూలల్ని ఒలుస్తూనే ఉంటుంది. కాబట్టి మనకి కావాల్సింది ఎక్కువ బరువు మోసే జిగురు కాదు. అసలు గోడతో పని లేకుండా కాగితాన్ని పట్టుకునేది కావాలి.

గదిలో అప్పటికే ఏమున్నాయో లెక్క చూశాను. ఒక ఇనుప బీరువా, దాని పక్క భాగం ఆరున్నర అడుగుల ఎత్తు, పంతొమ్మిది అంగుళాల వెడల్పు. కిటికీకి ఊచలు. తలుపు. అటక. బీరువా పక్కకి అయస్కాంతం పట్టీలు పెట్టి ఐదారు బొమ్మలు అప్పటికప్పుడే పెట్టేశాం, దానికి పైసా పనిలేదు. చిన్న బిళ్ల అయస్కాంతాలు మాత్రం వద్దన్నాను. రెండున్నరేళ్లవాడు ఉన్న ఇల్లు. అలాంటివి రెండు మింగితే పేగుల్లో ఒకదాన్నొకటి లాక్కుని ప్రాణం మీదికి తెస్తాయి. గుండుసూదులకీ అదే మాట. రబ్బరు పట్టీలాంటి పొడుగు అయస్కాంతమైతే నోట్లో పట్టదు.

మిగతా బొమ్మలకి అటకే దారి చూపించింది.

అటక కింద చట్రం

నేల నుంచి అటక అడుగు దాకా ఎనభై నాలుగు అంగుళాలు. రెండంగుళాలు బై అంగుళన్నర రీపర్లు (సన్నటి కొయ్య బద్దలు) రెండు, ఎనభై రెండు అంగుళాలకి కోయించాను. ఒక్కోదాని అడుగున బల్లకాళ్లకి పెట్టే లెవలింగ్ బోల్టు దించాను. పైనా కిందా రబ్బరు ముక్కలు. బోల్టు తిప్పితే రీపరు పైకి లేచి నేలకీ అటకకీ మధ్య బిగుసుకుంటుంది. గోడని అది తాకనే తాకదు, అరంగుళం ఎడం. రెండు రీపర్ల మధ్య ఐదడుగులు. మధ్యలో మూడు వరసల కర్టెన్ స్ప్రింగు వైరు, అదే తెల్ల ప్లాస్టిక్ తొడుగుతో వంటింటి గూళ్లకి కట్టేది. వైరుకి చెక్క క్లిప్పులు.

మొదటిరోజు వైర్లు బిగించగానే రెండు రీపర్లూ నడుము దగ్గర లోపలికి వంగాయి, వైర్లు వదులయ్యాయి. సిగ్గేసింది, ఏ వడ్రంగి కుర్రాడైనా చెప్పే సంగతి. పైన ఒక అడ్డ రీపరు, బల్ల ఎత్తులో ఇంకో అడ్డ రీపరు వేశాక చట్రం నిలబడింది. బోల్టు కూడా అతిగా బిగించకూడదు. చేత్తో బిగిసినంత బిగించి, స్పానరుతో పావు తిప్పు. అంతకుమించితే అటక కింది ప్లాస్టరింగ్ పగులుతుంది, అప్పుడు గోడని కాపాడి అటకని పోగొట్టుకున్నట్టే.

పిల్లాడు పట్టుకుని ఊగితే? అది మొదటి భయం. నేను నా బరువంతా వేసి లాగి చూశాను, కదల్లేదు. అయినా కిటికీ వైపు రీపరుని ఊచకి నైలాన్ ట్యాగుతో కట్టేశాను. దారం వేలాడకుండా చూశాను, వైరు కొసలు రీపరు వెనకే కోసేశాను. వేలాడే తాడు చిన్నపిల్లల మెడకి చుట్టుకుంటుంది. కింది వైరుకి ముందు బల్ల ఉంది కాబట్టి పిల్లాడి చెయ్యి అందదు, కుర్చీ ఎక్కితే తప్ప. కుర్చీ ఎక్కడం వాడు ఆగస్టుకల్లా నేర్చాడు, అది వేరే కథ.

వైర్ల ఎత్తు నలభై ఆరు, అరవై, డెబ్బై నాలుగు అంగుళాలు. ఏ4 నిలువుగా పన్నెండు అంగుళాలు కాబట్టి వరసకీ వరసకీ మధ్య పద్నాలుగు పెట్టాను. ఏ3 అడ్డంగా పెట్టినా అదే ఎత్తు. వరసకి ఆరు బొమ్మలు. పాప నాలుగడుగులు ఉంటుంది. కింది వరస సులువుగా అందుతుంది, రెండోది మునివేళ్ల మీద, మూడోది అందదు. కావాలనే అలా వదిలాను. పైవరస అమ్మ దాచుకోవాలనుకున్న బొమ్మలకి, కింది రెండూ పాప రాజ్యం. బొమ్మ మార్చడానికి ప్రతిసారీ పెద్దవాళ్లు స్టూలు వేసుకోవాల్సి వస్తే పదిహేను రోజుల్లో ఎవరూ మార్చరు, చాలా ఇళ్లలో చూశాను.

ఫ్యాను గాలికి పై అంచున రెండు క్లిప్పులు, కింది అంచు మధ్యలో ఇంకో క్లిప్పు బరువుగా. రెపరెపలు సగానికి సగం తగ్గాయి. పల్చటి కాగితాలకి వెనక పాత పెళ్లికార్డుల అట్ట పెట్టాం. మన ఇళ్లలో దానికి కరువు లేదు. కార్డుని బొమ్మకంటే అరంగుళం పొడుగ్గా ఉంచితే క్లిప్పు కార్డుని పట్టుకుంటుంది, బొమ్మ మీద పంటిగాటు పడదు. ల్యామినేషన్ చేయిద్దామా అని ఆయన అడిగారు, పాప వాళ్ల నాన్న. వద్దన్నాను. ల్యామినేట్ చేస్తే లైటు వెలుతురుకి మెరిసి బొమ్మ కనబడదు, క్లిప్పు జారుతుంది, చేసింది వెనక్కి తీయలేం.

బొమ్మల ఎంపిక ఒకటి చెప్పాలి. స్కెచ్ పెన్ను రంగు ఎండ తగిలితే నెలల్లో వెలుస్తుంది. క్రేయాన్ మైనం కాబట్టి వేడికి మెత్తబడి పక్క కాగితానికి అంటుకుంటుంది. పోస్టర్ కలర్ దట్టంగా వేసిన బొమ్మని చుట్టచుడితే పెచ్చులు లేస్తాయి. పడమటి ఎండ సాయంత్రం చట్రం కుడి కొసకి పడుతుంది. అక్కడ పెన్సిలు బొమ్మలే పెట్టమని పాపకి చెప్పాను. "పెన్సిలు బొమ్మకి ఎండ కాలదా అంకుల్?" అని అడిగింది. కాలదు, కాగితం కాస్త పచ్చబడుతుంది, గీత అలాగే ఉంటుంది అన్నాను. మర్నాటికల్లా కుడి కొసన వరసగా మూడు పెన్సిలు పిల్లులు.

కొయ్య, బోల్టులు, వైరు, క్లిప్పులు కలిపి 1,850 రూపాయలు. గోడకి రంగు వేయించిన ఖర్చు ఇందులో కలపలేదు, అది నా తప్పుకి కట్టిన జరిమానా.

వానలు వెళ్లాక

మన జిల్లాకి అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. అందుకే సంక్రాంతి పోయాక మళ్లీ వెళ్లి చూశాను. కిటికీ పక్క గోడ, నాణేనికి డొల్లగా పలికింది, అక్కడ చెమ్మ ఎక్కి రంగు బుడగలు లేచింది. అక్కడ ఏం అంటించి ఉన్నా ఈపాటికి నేల మీద ఉండేది. చట్రం వెనక గోడ మాత్రం పొడిగా, శుభ్రంగా ఉంది. అరంగుళం ఎడం వదలడం వల్ల గాలి ఆడినట్టుంది. కాగితాలు కొంచెం అలలు తేలాయి. ఒక బోల్టు వదులైంది, చెమ్మకి ఉబ్బిన కొయ్య మళ్లీ ఆరి తగ్గి ఉంటుంది. పావు తిప్పు తిప్పాను. ఇది ఏడాదికి రెండుసార్లు చేయాల్సిన పనని వాళ్లకి నేర్పాను.

పైవరస ఖాళీగా ఉంది. అమ్మ దాచుకున్న ఆరు బొమ్మల్నీ పాప తీయించి కింది వరసలో పెట్టుకుంది. పై వైరుకి వాళ్ల నాన్న కరెంటు బిల్లులు తగిలిస్తున్నారు. కింది వరసలో ఒక కాగితం మీద తమ్ముడి పిచ్చిగీతలు ఉన్నాయి, దానికి రెండు కాదు, నాలుగు క్లిప్పులు.

అప్పుడే పెద్దాయన కూడా పైకి వచ్చారు. కళ్లజోడు పెట్టుకుని గోడ మొత్తం ఒకసారి తేరిపార చూశారు, చేత్తో తడిమారు. బాగుందన్నట్టు తల ఆడించి, చట్రం కాళ్ల వైపు వంగారు.

"గోడ సంగతి సరేనయ్యా. ఈ నల్ల మచ్చ ఏంది?"

రీపరు కొంచెం జరిగింది కాబట్టి కనబడింది. నల్ల రబ్బరు ఏడు నెలలు మొజాయిక్ మీద ఒకేచోట ఒత్తుకుని ఉంటే రంగు దిగుతుంది. కిరసనాయిలుతో రుద్దాను, సబ్బుతో రుద్దాను, పోలేదు. పాలిష్ పట్టిస్తే తప్ప పోదు. రబ్బరు తీసేసి మందపాటి ఫెల్టు ముక్కలు పెట్టాను, అటక వైపు కూడా. ఆ రెండంగుళాల మచ్చని పెద్దాయన పుస్తకంలో నా పేరు మీద రాసుకున్నారు, వీళ్ల అడ్వాన్సులో కాదు.